మంచు తొలగింపు: నగరపాలనకూ నివాసులకూ మధ్య సమాచార వ్యవస్థ

శీతల దేశాల్లో రోడ్ల మీద పేరుకునే మంచును తీసివేయడం స్థానిక ప్రభుత్వాల బాధ్యత. అమెరికా, కెనడాల్లో ఎక్కువ చోట్ల ఈ పని ప్రజా పనుల శాఖలు చేస్తాయి. న్యూయార్క్‌లో పారిశుద్ధ్య శాఖ, కొన్నిచోట్ల రవాణా శాఖ చూస్తాయి. మంచు ఎప్పుడు తీస్తారు, ఏ వీధి ముందు, ఏది తర్వాత, కారు ఎక్కడ నిలపకూడదు, ఇంటి ముందు కాలిబాట ఎవరు శుభ్రం చేయాలి అనే సంగతులను ఈ శాఖలు నివాసులకు తెలియజేస్తాయి. నివాసులు తమ ఇబ్బందులను తిరిగి శాఖలకు చెప్పుకుంటారు. ఈ రెండు దారులూ కలిస్తేనే సమాచార వ్యవస్థ. శీతాకాలానికి ముందు పోస్టులో వచ్చే కరపత్రం, వీధి స్తంభానికి కట్టిన బోర్డు, రేడియో ప్రకటన, ఫోన్ సందేశం, మొబైల్ యాప్, మంచు తీసే బండి ఎక్కడుందో చూపే మ్యాపు, ఫిర్యాదుల ఫోన్ నంబరు అన్నీ ఇందులో భాగాలే. ఈ వ్యాసం ప్రధానంగా ఉత్తర అమెరికా నగరాల అనుభవాన్ని వివరిస్తుంది. పోలిక కోసం జపాన్, స్కాట్లాండ్ ప్రస్తావనలు ఉన్నాయి.

సమాచారం ఎందుకు కీలకం

తాగునీటి సరఫరా, వీధి దీపాలు నివాసుల ప్రమేయం లేకుండా నడుస్తాయి. మంచు తొలగింపు అలా నడవదు. ముందు భాగంలో పెద్ద బ్లేడు అమర్చిన లారీని స్నో ప్లో అంటారు. అది మంచును రోడ్డు అంచుకు నెట్టుకుంటూ పోతుంది. అంచున ఒక్క కారు ఆగి ఉన్నా ప్లో దాన్ని తప్పించుకుని వెళ్లాలి. కారు చుట్టూ మంచు అలాగే మిగిలి, రాత్రికి గడ్డకట్టి, మర్నాడు బ్లేడుకు లొంగదు. అలాంటి కార్లు పది ఉంటే రెండు వరుసల వీధి ఒక వరుసకు కుదించుకుపోతుంది. తర్వాతి మంచు పడేసరికి ఫైరింజను, అంబులెన్సు లోపలికి రాలేవు.

అందుకే కార్లు తీయమని చెప్పే సందేశం ప్లో కంటే ముందుగా చేరాలి. సందేశం ఆలస్యమైతే బండి, డ్రైవరు, ఉప్పు సిద్ధంగా ఉన్నా పని సగమే జరుగుతుంది. అనుభవం గల నగరాలు ప్రకటనను తొలగింపు పనిలోనే మొదటి అంచెగా లెక్కిస్తాయి. తుఫాను వేళ రేవులో ఎగరేసే హెచ్చరిక నంబరు చూసి పడవలు ఒడ్డుకు చేరినట్టే, ఈ ప్రకటన వినగానే కార్లు రోడ్డు విడిచి వెళ్లాలి.

చరిత్ర

గుర్రపు బండ్ల కాలంలో చాలా ఊళ్లలో మంచును తీసేవారు కాదు. జారుబండ్లు సులువుగా సాగడానికి దాన్ని రోలర్లతో అణిచి గట్టిపరిచేవారు. 1888 మార్చి మహా మంచుతుఫాను న్యూయార్క్ సహా తూర్పు తీర నగరాలను రోజుల తరబడి స్తంభింపజేసింది. మోటారు వాహనాలు వచ్చాక నల్లటి రోడ్డు కనిపించేదాకా మంచు తీయడం అవసరమైంది. 20వ శతాబ్దం నడిమికి రోడ్డు పక్కన నిలిపే కార్ల సంఖ్య పెరిగి, పార్కింగ్ నిషేధాలు మొదలయ్యాయి. వాటిని ప్రకటించడానికి పత్రికలు, రేడియో, తర్వాత టెలివిజన్ ఉపయోగపడ్డాయి.

నగర నాయకత్వాలకు సమాచారం విలువ తెలియజెప్పినవి కొన్ని చేదు అనుభవాలు. 1969 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో సుమారు 15 అంగుళాల మంచు కురిసింది. క్వీన్స్ ప్రాంతంలో అనేక వీధులు రోజుల పాటు శుభ్రం కాలేదు. మేయర్ జాన్ లిండ్సే అక్కడికి వెళ్లినప్పుడు నివాసుల ఆగ్రహం ఎదుర్కోవాల్సి వచ్చింది. నగర కేంద్రం బాగుపడి శివార్లు మిగిలిపోయాయన్న భావన ఆ తర్వాత ఏళ్ల తరబడి నిలిచింది.

షికాగోలో 1979 జనవరిలో అంతకుముందే పేరుకున్న మంచు మీద మరో 20 అంగుళాలు పడింది. పాఠశాలల ఆవరణల వంటి స్థలాలను శుభ్రం చేశామని, కార్లను అక్కడికి తరలించవచ్చని మేయర్ మైకేల్ బిలాండిక్ ప్రకటించారు. వెళ్లినవారికి చాలా చోట్ల మంచుతో నిండిన ఆవరణలే ఎదురయ్యాయి. కిక్కిరిసిన రైళ్లు నల్లజాతీయులు నివసించే ప్రాంతాల స్టేషన్లలో ఆగకుండా వెళ్లడం కోపాన్ని మరింత పెంచింది. ఫిబ్రవరి చివర జరిగిన పార్టీ ప్రాథమిక ఎన్నికలో బిలాండిక్ జేన్ బర్న్ చేతిలో ఓడిపోయారు. మంచును ప్రజలు ప్రకృతి చర్యగానే చూశారు. జరగని పనిని జరిగినట్టు చెప్పడాన్ని మాత్రం క్షమించలేదు.

2010 డిసెంబరు 26న మొదలైన మంచుతుఫాను రెండు నగరాల మధ్య తేడాను బయటపెట్టింది. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో 20 అంగుళాల మంచు నమోదైంది. ముఖ్య వీధుల్లో పార్కింగ్‌ను నిషేధించే మంచు అత్యవసర పరిస్థితిని నగరం ప్రకటించలేదు. బస్సులు, అంబులెన్సులు దారిలోనే చిక్కుకున్నాయి. ఏ వీధి తీశారో, ఏది మిగిలిందో అధికారులకే స్పష్టంగా తెలియని పరిస్థితి ఏర్పడింది. పక్కనే ఉన్న న్యూజెర్సీలోని న్యూవార్క్‌లో అప్పటి మేయర్ కోరీ బుకర్ ట్విటర్‌లో నివాసుల విన్నపాలు చదువుతూ, జవాబిస్తూ, సిబ్బందిని పంపుతూ, తానే పార పట్టి మంచు తీస్తూ కనిపించారు. సామాజిక మాధ్యమాలు రెండు వైపులా నడిచే దారిగా పనికొస్తాయని ఇతర నగరాలు గ్రహించడానికి ఇది ఒక ఉదాహరణగా నిలిచింది.

వీధుల వరుస, బాధ్యతల విభజన

శాఖలకు అందరికంటే ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న “మా వీధికి ఎప్పుడు వస్తారు?” అన్నదే. దీనికి జవాబు వీధుల వర్గీకరణలో ఉంటుంది. ఆసుపత్రులు, అగ్నిమాపక కేంద్రాలు, బస్సు మార్గాలు ఉన్న పెద్ద రోడ్లు మొదటివి. వాటిని కలిపే రోడ్లు తర్వాతివి. ఇళ్ల మధ్య వీధులు చివరివి. మంచు కురుస్తున్నంతసేపు బండ్లు పెద్ద రోడ్ల మీదే తిరుగుతాయి. “24 గంటల్లో మీ వీధికి వస్తాం” అని నగరం చెప్పినప్పుడు చాలా చోట్ల ఆ గడువు మంచు ఆగిన క్షణం నుంచి లెక్క. ఈ ఒక్క వాక్యం కరపత్రంలో స్పష్టంగా లేకపోతే వందల ఫోన్లు వస్తాయి.

రోడ్డు ఎవరిదన్నది రెండో చిక్కు. ఒకే పేటలో హైవే రాష్ట్రానిది, పెద్ద రోడ్డు కౌంటీది, వీధి నగరానిది, అపార్టుమెంట్ల లోపలి దారి యజమానుల సంఘానిది కావచ్చు. వర్జీనియాలో చాలా కౌంటీల్లో ఇళ్ల మధ్య వీధులు కూడా రాష్ట్ర రవాణా శాఖ కిందే ఉంటాయి. అందుకే అక్కడి ఉపనగరాల్లో మంచు సమాచారం కోసం చూడాల్సింది రాష్ట్ర శాఖ మ్యాపును. తమ పరిధి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పడం, పరిధి దాటిన ఫిర్యాదును సరైన కార్యాలయానికి పంపడం మంచి శాఖ లక్షణాలు.

వాతావరణ సూచన నుంచి ప్రకటన దాకా

అమెరికాలో జాతీయ వాతావరణ సేవ మంచుతుఫాను అవకాశం కనిపించినప్పుడు ముందుగా అప్రమత్త సూచన ఇస్తుంది. రాక దాదాపు ఖాయమైనప్పుడు హెచ్చరిక జారీ చేస్తుంది. తీవ్రత తక్కువైతే సలహా స్థాయి ప్రకటన ఇస్తుంది. ప్రజా పనుల శాఖలు వీటి ఆధారంగా తమ నిర్ణయాలు తీసుకుంటాయి. కొద్ది నిమిషాల్లోనే రోడ్డు కనబడకుండా చేసే ఆకస్మిక మంచు ఝంఝలకు 2018 నుంచి ప్రత్యేక హెచ్చరికలు ఉన్నాయి. వాటిలో తీవ్రమైనవి ఆ ప్రాంతంలోని సెల్‌ఫోన్లకు నేరుగా చేరుతాయి.

సూచన నుంచి ప్రకటనకు వెళ్లేటప్పుడు శాఖ అధిపతికి ఒక సందిగ్ధం ఉంటుంది. తొందరపడి ప్రకటిస్తే, మంచు పడకపోతే, వేలమంది అనవసరంగా కార్లు తరలించి విసుగు చెందుతారు, వచ్చేసారి వినరు. ఆలస్యం చేస్తే వినే సమయమే ఉండదు. ఈ సందిగ్ధాన్ని తగ్గించడానికే నగరాలు స్థిరమైన వేళలు, స్థిరమైన కొలతలు పెట్టుకున్నాయి. నియమం ఎప్పుడూ ఒకటే అయితే, ఆ రోజు చెప్పాల్సింది “అమల్లోకి వచ్చింది” అన్న ఒక్క మాటే.

పార్కింగ్ నియమాలు: రెండు నమూనాలు

మిన్నియాపోలిస్ పద్ధతి మూడు రోజుల చక్రం మీద నడుస్తుంది. మంచు అత్యవసర పరిస్థితి ప్రకటించిన రోజు రాత్రి 9 గంటల నుంచి మర్నాడు ఉదయం 8 దాకా ప్రధాన మంచు మార్గాల్లో రెండు వైపులా పార్కింగ్ ఉండదు. రెండో రోజు ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా మిగతా వీధుల్లో సరి సంఖ్య ఇళ్ల వైపు కార్లు నిలపకూడదు. మూడో రోజు అదే వేళల్లో బేసి సంఖ్య వైపు వంతు. ఆ భాగంలో మంచు పూర్తిగా తీశాక మళ్లీ నిలపవచ్చు. ప్రకటన సాయంత్రమే వెలువడుతుంది కనుక ఉద్యోగం నుంచి వచ్చేవారికి కారు ఎక్కడ పెట్టాలో ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. పక్కనే ఉన్న సెయింట్ పాల్ నగరంలో నియమం వేరు.  రెండు ఊళ్ల మధ్య నది దాటి బంధువుల ఇంటికి వెళ్లి రాత్రికి అక్కడే ఉండిపోయేవారు ఆ ఊరి నియమాన్ని చూసుకోవాలి.

షికాగోలో రెండు నిషేధాలున్నాయి. డిసెంబరు 1 నుంచి ఏప్రిల్ 1 దాకా 107 మైళ్ల ప్రధాన వీధుల్లో రోజూ తెల్లవారుజామున 3 నుంచి 7 దాకా పార్కింగ్ నిషేధం. మంచు పడినా పడకపోయినా ఇది వర్తిస్తుంది. మరో 500 మైళ్ల వీధుల్లో కనీసం రెండు అంగుళాల మంచు పడినప్పుడు మాత్రమే నిషేధం. మొదటిది క్యాలెండరు మీద నడుస్తుంది కనుక ప్రతి రాత్రి ప్రకటించనక్కర్లేదు. కానీ ఊరికి కొత్తగా వచ్చినవారు ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి తమ కారును టో చేసి తీసుకుపోవడం చూసి అర్థం కాక నిలబడతారు. అందుకే నగరం డిసెంబరు 1కి ముందు మాధ్యమాల్లో గుర్తుచేస్తుంది. ఆ వీధుల్లో శాశ్వత బోర్డులు ఉంటాయి.

వీధిలోనే కనబడే, వినబడే సంకేతాలు

ఫోన్ చూడనివారికీ, యాప్ లేనివారికీ సందేశం చేరాలి. మసాచుసెట్స్‌లోని సోమర్‌విల్‌లో, మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో ముఖ్యమైన కూడళ్లలో నీలి దీపాలు అమర్చారు. పార్కింగ్ నిషేధం ఉన్నప్పుడు అవి వెలుగుతాయి. ఇంటికి వెళ్లే దారిలోనే మనిషికి విషయం తెలిసిపోతుంది.

ఈ విద్యను చాలా దూరం తీసుకెళ్లిన నగరం మాంట్రియల్. అక్కడ ఏటా సగటున రెండు మీటర్ల దాకా మంచు కురుస్తుంది. తీయాల్సిన వీధులు, కాలిబాటల పొడవు కలిపి సుమారు 10,000 కిలోమీటర్లు. మంచును పక్కకు నెట్టడంతో పని అయిపోదు. పెద్ద యంత్రాలు దాన్ని లారీల్లోకి ఊది నింపుతాయి. లారీలు దాన్ని మంచు డంపులకూ, మురుగునీటి వ్యవస్థలోకి దింపే చోట్లకూ చేరవేస్తాయి. సెయింట్ మిషెల్ ప్రాంతంలోని పాత ఫ్రాంకాన్ క్వారీలో పోగైన మంచు వేసవిలోకి కూడా కనిపిస్తుంది. లారీలకు ఎత్తే పని మొదలయ్యే ముందు ఆ వీధిలో నారింజ రంగు తాత్కాలిక బోర్డులు వెలుస్తాయి. ఏ వేళల్లో కార్లు ఉండకూడదో వాటి మీద ఉంటుంది. గడువు దాటాక టో బండి సైరన్ మోగిస్తూ వీధిలో తిరుగుతుంది. ఆ మోత వినగానే ఇళ్లలోంచి కోట్లు తొడుక్కుంటూ పరుగెత్తుకొచ్చి కార్లు తీయడం మాంట్రియల్ శీతాకాలంలో మామూలు దృశ్యం. అప్పటికీ మిగిలిన కార్లను దగ్గరి వీధికి ఈడ్చి వదులుతారు, జరిమానా వేస్తారు. కారు ఎక్కడ వదిలారో యజమాని నగరం వెబ్‌సైటులో వెతుక్కోవచ్చు. 2014లో వచ్చిన ఇన్ఫో-నేజ్ యాప్ వీధి వీధికీ పని దశను రంగుల్లో చూపుతుంది. నగరం ఈ సమాచారాన్ని ఇతరులు కూడా వాడుకునేలా బహిరంగంగా ఇస్తోంది.

ప్లో ట్రాకర్లు

బండ్లకు జీపీఎస్ అమర్చి వాటి కదలికను మ్యాపులో చూపడం 2010 తర్వాత వేగంగా వ్యాపించింది. షికాగో 2012 జనవరిలో తన ట్రాకర్‌ను ప్రజలకు తెరిచింది. 2010 అనుభవం తర్వాత న్యూయార్క్ కూడా ప్లో ఎన్‌వైసీ పేరుతో అలాంటి మ్యాపును తెచ్చింది. ఒక వీధి గుండా ప్లో చివరిసారి వెళ్లి ఎంతసేపైందో అందులో రంగులు సూచిస్తాయి. టొరంటో వంటి కెనడా నగరాల్లోనూ ఇవి ఉన్నాయి.

ట్రాకర్ వల్ల ప్రధాన లాభం సాక్ష్యం. మా పేటను మరిచారా, ధనికుల పేటకే ముందు వెళ్లారా అనే అనుమానానికి పౌరులే స్వయంగా సమాధానం వెతుక్కోవచ్చు. ట్రాకర్‌కు పరిమితులూ ఉన్నాయి. బండి వెళ్లిందంటే వీధి శుభ్రమైందని అర్థం కాదు. బ్లేడు ఎత్తుకుని ఇంకో మార్గానికి పోతుండవచ్చు, ఉప్పు నింపుకోవడానికి డిపోకు తిరిగి వెళుతుండవచ్చు. గంటకు రెండు అంగుళాలు కురిసే వేళ, తీసిన వీధి కాసేపట్లోనే తీయనట్టు కనిపిస్తుంది. ఈ వివరణ మ్యాపు పక్కనే ఉండాలి. లేకపోతే పారదర్శకత కోసం పెట్టిన సాధనమే కొత్త తగాదాలకు మూలమవుతుంది.

ఇంటి ముందు పని: కాలిబాట, డ్రైవ్‌వే, హైడ్రంట్

చాలా నగరాల్లో కాలిబాట మీద మంచు తీయాల్సింది ఆ స్థలం యజమాని. గడువులు ఊరికో విధంగా ఉంటాయి. న్యూయార్క్‌లో ఉదయం 7 నుంచి సాయంత్రం 5 లోపు మంచు ఆగితే 4 గంటల్లో తీయాలి. రాత్రి 9 తర్వాత ఆగితే మర్నాడు ఉదయం 11 దాకా సమయం. బోస్టన్‌లో మంచు ఆగిన 3 గంటల్లోపు, రాత్రి ఆగితే సూర్యోదయమైన 3 గంటల్లోపు, కనీసం 42 అంగుళాల వెడల్పున దారి చేయాలి. చక్రాల కుర్చీ, పసిపిల్లల తోపుడు బండి పట్టడానికే ఆ కొలత. మిన్నియాపోలిస్‌లో విడి ఇళ్లవారికి 24 గంటలు, అపార్టుమెంట్లకూ దుకాణాలకూ పగటి వేళ 4 గంటలు. నియమం వెనుక ఉన్న మనిషిని చూపినప్పుడు సందేశం బాగా పనిచేస్తుంది. జరిమానా మొత్తం చెప్పడం కంటే, బస్సు ఎక్కాల్సిన వృద్ధురాలి ఇబ్బంది చెప్పడం ఎక్కువ మందిని కదిలిస్తుంది.

డ్రైవ్‌వే (ఇంటి నుంచి రోడ్డుకు కారు దారి) ముందు మిగిలే మంచుగట్టు నిత్య వివాదం. ఇంటివాళ్లు గంటసేపు శ్రమించి దారి తీసుకున్నాక ప్లో వచ్చి దాని ముందు అడ్డంగా గట్టు పోసి వెళుతుంది. బ్లేడు మంచును కుడివైపుకు, అంటే ఇళ్ల వైపుకు, నెడుతూనే పోతుంది; ప్రతి ఇంటి ముందూ ఆపడం బండికి సాధ్యం కాదు. శాఖలు దీనికి బొమ్మలతో సహా ఒక ఉపాయం చెబుతాయి: రోడ్డు వైపు తిరిగి నిలబడి, తీసిన మంచును డ్రైవ్‌వేకు కుడిపక్కన వేయాలి; ఎడమపక్కన రోడ్డు అంచున కొంత జాగా ఖాళీ చేయాలి. వాహనాలు కుడివైపు నడిచే దేశం కనుక ప్లో ఎడమ నుంచి వస్తుంది. బ్లేడు మీది మంచు చాలావరకు ఆ ఖాళీలో పడిపోయి, దారి ముందు తక్కువ చేరుతుంది. టొరంటో వీలున్న ప్రాంతాల్లో ఈ గట్టును కూడా తీయించే సేవ నడుపుతోంది. తీసిన మంచును తిరిగి రోడ్డు మీదకు నెట్టడం మాత్రం అనేక ఊళ్లలో నేరం.

మంచులో కూరుకుపోయిన, మంటలార్పడానికి నీరిచ్చే ఫైర్ హైడ్రంట్‌ను వెతికి తవ్వడానికి పట్టే కొన్ని నిమిషాలు ప్రాణాలతో సమానం. 2011లో కోడ్ ఫర్ అమెరికా సంస్థ తరఫున బోస్టన్‌లో పనిచేసిన బృందం “అడాప్ట్ ఎ హైడ్రంట్” అనే ఏర్పాటు రూపొందించింది. మ్యాపులో ఒక హైడ్రంట్‌ను ఎంచుకుని, మంచు పడినప్పుడల్లా దాన్ని తవ్వి ఉంచుతామని పౌరులు పేరు నమోదు చేసుకునే పద్ధతి అది. ఇదే ఆలోచనను హోనలూలూ సునామీ సైరన్ల సంరక్షణకు వాడుకుంది.

బోస్టన్‌లోనే ఇంకో ఆచారం ఉంది. పార పట్టి తవ్వుకున్న పార్కింగ్ చోటును కుర్చీయో డబ్బానో పెట్టి కాపాడుకుంటారు. అత్యవసర పరిస్థితి ముగిసిన 48 గంటల దాకా నగరం దీన్ని సహిస్తుంది, తర్వాత ఆ వస్తువులను చెత్త బండి తీసుకుపోతుంది. సౌత్ ఎండ్ ప్రాంతంలో ఇది అసలే కుదరదు. 2014–15 శీతాకాలంలో బోస్టన్‌లో 110 అంగుళాలకు పైగా మంచు కురిసి రికార్డు సృష్టించినప్పుడు ఈ చోట్ల మీద తగాదాలు పెరిగాయి. వీధిలో నలుగురూ ఒప్పుకున్న మర్యాదకూ చట్టానికీ మధ్య గీత ఎక్కడుందో అధికారికంగా చెప్పడం ఘర్షణను తగ్గిస్తుంది.

ఉప్పు గురించి చెప్పడం

తుఫానుకు ముందు రోడ్డు మీద తెల్లటి చారలు కనబడతాయి. అది ఉప్పునీరు. మంచు రోడ్డుకు అతుక్కోకుండా చేస్తుంది, మొత్తం మీద ఉప్పు వాడకాన్ని తగ్గిస్తుంది. సుమారు మైనస్ 9 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన మామూలు ఉప్పు పనితనం బాగా తగ్గిపోతుంది. అలాంటి రోజుల్లో జారకుండా ఇసుక చల్లుతారు. ఈ సంగతి తెలియనివారికి ఉప్పు వేయని రోడ్డు నిర్లక్ష్యంగా కనిపిస్తుంది.

ఉప్పు ఎక్కువైతే చెరువులు, వాగులు, భూగర్భజలం పాడవుతాయి. ఒక చెంచా ఉప్పు 5 గ్యాలన్ల నీటిని శాశ్వతంగా కలుషితం చేయడానికి చాలునని మిన్నెసోటా కాలుష్య నియంత్రణ సంస్థ ప్రచారం చేస్తోంది. ఆ నీరు సుమారు 19 లీటర్లు. భద్రతకూ నీటికీ మధ్య తూకం ఎలా వేస్తున్నారో చెప్పిన శాఖకు, తక్కువ ఉప్పు వాడే ధైర్యానికి ప్రజల మద్దతు దొరుకుతుంది.

భాషలు, కొత్తగా వచ్చినవారు

నియమం ఎంత మంచిదైనా అర్థం కాని భాషలో ఉంటే లేనట్టే. మిన్నియాపోలిస్ మంచు ప్రకటనలను ఇంగ్లీషుతో పాటు స్పానిష్, హ్మాంగ్, సోమాలీ భాషల్లో ఇస్తుంది. న్యూయార్క్ అత్యవసర సమాచార సేవ బెంగాలీ, ఉర్దూ సహా పలు భాషల్లో సందేశాలు పంపుతుంది.

న్యూజెర్సీ, ఉత్తర వర్జీనియా, షికాగో శివార్లు, టొరంటో పరిసరాల్లో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. ఏటా ఆగస్టులో దిగే విద్యార్థులకు మొదటి మంచు నాలుగు నెలల్లోపే ఎదురవుతుంది. కారు కొన్న సంబరం తీరకముందే పార్కింగ్ నిషేధం వస్తుంది. ఇలాంటివారికి ఎక్కువగా సమాచారం అందేది ముందే వచ్చినవాళ్ల నుంచి, వాట్సాప్ గుంపుల నుంచి. అందులో మేలుంది, ప్రమాదమూ ఉంది: నియమాలు ఊరికో రకం, కొన్ని ఏటేటా మారతాయి. పక్క టౌన్‌షిప్ నియమాన్ని తమదనుకుంటే కారు టో అవుతుంది. కనుక ఎవరైనా మొదట చేయాల్సింది తాము నివసించే ఊరి హెచ్చరికల జాబితాలో ఫోన్ నంబరు నమోదు చేసుకోవడం. అపార్టుమెంటు లోపలి దారిని, డ్రైవ్‌వేను తీసేది యాజమాన్యం కుదుర్చుకున్న ప్రైవేటు సంస్థ కనుక, దాని నోటీసులను విడిగా చూసుకోవాలి. విశ్వవిద్యాలయాలు, ఆలయాలు, తెలుగు సంఘాలు అక్టోబరు, నవంబరుల్లోనే ఈ వివరాలు అందించగలవు. శాఖలు కూడా ఇలాంటి సంఘాల ద్వారా సందేశం పంపితే అది నమ్మకంగా చేరుతుంది.

వైఫల్యాల పాఠాలు

2014 జనవరి 28న అట్లాంటాలో 3 అంగుళాలకు లోపే మంచు కురిసింది. కార్యాలయాలు, పాఠశాలలు మధ్యాహ్నం దాదాపు ఒకేసారి వదిలాయి. లక్షలాది మంది ఒక్కసారిగా రోడ్డెక్కారు. ఉప్పు బండ్లు ఆ రద్దీలో చిక్కి కదలలేదు. జనం కార్లలో, పిల్లలు పాఠశాలల్లో రాత్రి గడిపారు. ఎవరు ఏ వేళకు బయల్దేరాలో విడతలుగా చెప్పడం కూడా మంచు తొలగింపులో భాగమని ఆ రోజు తేలింది.

2022 జనవరి 3న వర్జీనియాలో ఫ్రెడరిక్స్‌బర్గ్ పరిసరాల్లో ఐ-95 హైవే మీద వాహనాలు ఒక రోజుకు పైగా నిలిచిపోయాయి. సెనేటర్ టిమ్ కేన్ కూడా చిక్కుకున్నవారిలో ఒకరు. ముందు వర్షం పడడంతో ఉప్పునీరు కొట్టుకుపోతుందని చల్లలేదు. తర్వాత మంచు గంటకు రెండు అంగుళాల దాకా కురిసింది. లారీలు అడ్డం తిరిగాయి. సాయం ఎప్పుడు వస్తుందో తెలియక జనం చలిలో గంటల తరబడి వేచిచూశారు. ఆ తర్వాత జరిగిన సమీక్షలు బండ్ల సంఖ్యతో పాటు సమాచారం అందించిన తీరును కూడా పరిశీలించాయి.

అదే ఏడాది డిసెంబరు 23న బఫెలో నగరాన్ని భీకర మంచుతుఫాను చుట్టుముట్టింది. బఫెలో ఉన్న ఎరీ కౌంటీలో వాహనాలు నడపరాదన్న ఆంక్ష ఆ ఉదయం 9:30కి అమల్లోకి వచ్చింది. అప్పటికే చాలామంది పనులకు వెళ్లిపోయారు. కౌంటీలో 40 మందికి పైగా మరణించారు. ఆంక్షను ముందు రోజు రాత్రే ప్రకటించి ఉండాల్సిందన్న విమర్శ బలంగా వినిపించింది. తెల్లవారాక వచ్చిన ఆజ్ఞను పాటించడం గంటల కూలి మీద బతికేవారికి చాలా కష్టం. యజమాని సెలవు ఇవ్వాలన్నా ముందు రాత్రే మాట చేరాలి.

జపాన్, స్కాట్లాండ్ అనుభవాలు

సుమారు 20 లక్షల జనాభా గల సప్పోరోలో ఏటా సగటున దాదాపు 5 మీటర్ల మంచు పడుతుంది. అక్కడ ఇళ్ల మధ్య వీధుల నుంచి మంచును ఎత్తుకుపోయే పనికి నగరం, గుత్తేదారు, నివాసుల సంఘం కలిసి ఒప్పందం చేసుకునే పద్ధతి ఉంది. ఖర్చులో కొంత భాగం సంఘం భరిస్తుంది. డబ్బు తమది కూడా కనుక ఏ వీధిలో చేయాలన్నది ముందే మాట్లాడుకుంటారు. ప్రకటన వినడం కాకుండా నిర్ణయంలో కూర్చోవడం ఇక్కడి విశేషం.

స్కాట్లాండ్‌లో ప్రధాన రహదారుల మీద ఉప్పు చల్లే బండ్లకు ముద్దుపేర్లు ఉన్నాయి. ట్రాకర్ మ్యాపులో అవి ఆ పేర్లతోనే కనబడతాయి. మిన్నెసోటా రవాణా శాఖ 2020–21 శీతాకాలంలో పేర్ల పోటీ మొదలుపెట్టగా “ప్లోయీ మెక్‌ప్లోఫేస్” గెలిచింది. షికాగో కూడా ఆ బాట పట్టింది. పేరు కోసం మ్యాపు తెరిచిన పిల్లలు ప్లో వెనుక దూరంగా ఉండాలన్న సూచన కూడా చదువుతారు. రాత్రంతా బండి నడిపే ఉద్యోగి పట్ల ఊరికి ఆదరం పెరుగుతుంది.

మంచి సమాచారానికి కొలమానం

ఈ అనుభవాలన్నీ కలిపి చూస్తే కొన్ని సూత్రాలు తేలుతాయి. నియమం శీతాకాలానికి ముందే స్థిరపడాలి. తుఫాను రోజున కొత్త నియమం నేర్పకూడదు. ప్రకటన ఒకే వేళకు, ఒకే మాటలతో, అన్ని దారుల్లో రావాలి. మేయర్ ఒకటి, శాఖ ఒకటి చెప్పకూడదు. ఎప్పుడు మొదలు, ఎప్పుడు ముగింపు, కారు ఎక్కడ పెట్టుకోవచ్చు అన్న మూడూ ఉండాలి. కారు తీయమని చెప్పి చోటు చూపకపోతే పేదవాడికి అది జరిమానా నోటీసే అవుతుంది. పని ఆలస్యమైతే కారణంతో పాటు ఒప్పుకోవాలి. ఫిర్యాదు చేసినవారికి ఏం జరిగిందో తిరిగి చెప్పాలి.

ఒక శాఖ ఎన్ని సందేశాలు పంపిందన్నది దాని సమర్థతకు కొలత కాదు. మొదటి ప్లో వచ్చే వేళకు వీధిలో ఎన్ని కార్లు తప్పుకున్నాయి, ఎన్ని కాలిబాటలు నడిచేలా ఉన్నాయి, ఎంతమంది అనవసర ప్రయాణం మానుకున్నారు అన్నవి అసలైన కొలతలు. వాటిని లెక్కగట్టి ప్రతి వసంతంలో ప్రజల ముందు పెట్టే నగరం తర్వాతి శీతాకాలానికి కావలసిన నమ్మకాన్ని అప్పుడే సంపాదించుకుంటుంది. నమ్మకం ఉన్న ఊళ్లో ఒక్క సందేశానికే వీధి ఖాళీ అవుతుంది, అంబులెన్సు సమయానికి గడప చేరుతుంది.